పరుపు ఎక్కడో అతిథి అక్కడ

సోమవారం

గది మాటల్ని వింటుంది. పెన్సిల్‌ని వినలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ ఉదయం లిఫ్టు నన్ను "వారిజ గారూ" అని పిలిచింది. ఇన్నేళ్ళూ "అతిథీ" అనేది. హోటల్లో అన్నిటికన్నా కిందిదైన గడప మెట్టులో ఉన్న మా అందర్నీ అలాగే అంటుంది. పేరు పెట్టి పిలిచేది దాని పైదైన వసారా మెట్టు నుంచే. ఇంకో వారిజ ఎక్కిందేమో అని వెనక్కి తిరిగి చూశాను. లిఫ్టులో నేనొక్కదాన్నే ఉన్నాను.

టిఫిన్ హాల్లో గడప వాళ్ళకి స్తంభాల పక్క వరస, పొడి కలిపిన కాఫీ. ఇవాళ నా ట్రేలో ఫిల్టర్ కాఫీ వచ్చింది. పొరపాటు అనుకుని వెనక్కి పెట్టేశాను. మళ్ళీ వచ్చింది. తాగకుండా మూత పెట్టి గదికి తెచ్చాను.

పిన్ని వాసన చూసింది. "ఎవరిదే ఇది?"

నాదేనట అన్నాను.

"ఏటి చేసేవు?"

ఏమీ చేయలేదన్నాను.

"ఏటీ చెయ్యకండా ఎవడూ ఏదీ ఇవ్వడు పిల్లా," అంది. కానీ తాగింది. బాబాయి పోయాక ఆమె ఏదైనా పూర్తిగా తాగడం ఇదే మొదలు.

పిన్ని పేరు నూకరత్నం. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె, బాబాయి అప్పలకొండ, నేను, ముగ్గురం సాగరనీడ హోటల్ నాలుగో అంతస్తులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాళ్ళది మంచం, నాది మడత మంచం. బాబాయి పెద్దకర్మ జరిగి వారమైంది. అప్పట్నుంచి పిన్ని పరుపు మీద గోడవైపు ఒత్తిగిలి పడుకుంటుంది కానీ నిద్రపోదు. కళ్ళు తెరిచే ఉంటాయి. పరుపుకి ఆ తేడా తెలియదు. మనిషి బరువు, ఊపిరి చూసుకుని తెల్లారగానే అంచున చిన్న దీపం వెలిగించి "రాత్రి నమోదైంది" అని చెప్పేస్తుంది.

బుధవారం

నా పని నడవ మెట్టు వాళ్ళ లాంజిలో పుస్తకాలు దులపడం. రంగుల ప్రకారం పేర్చాలి. నీలం అట్టలన్నీ సముద్రం వైపు. అతిథులు ఎవరూ తీయరు, నేను తీస్తాను. పదో అంతస్తు కాన్వెంటులో సిస్టర్ ఫిలొమినా మాకు రెండు నేర్పింది. గోడవారగా నడవడం ఒకటి, అడిగితే తప్ప మాట్లాడకపోవడం ఒకటి. ఈ పనికి రెండూ సరిపోయాయి.

ఇవాళ పని చేస్తుంటే ఆదరణ అధికారి మైత్రేయ్ గారు వచ్చి నిలబడ్డారు. మెత్తటి మనిషి, చెప్పులు చప్పుడు చేయవు. నాకు చాలా అర్హత ఉందన్నారు. దేనికి అని అడగాలనుకున్నాను. "థాంక్యూ సర్" అని నోట్లోంచి వచ్చేసింది. ఆయన వెళ్ళాక నా మీద నాకే విసుగేసింది.

ముప్ఫై ఏళ్ళు ఇక్కడే పడుకున్న బాబాయి గడప మెట్టులోనే పోయాడు. నాలో ఏం చూశారు?

సాయంత్రం పిన్ని నా వైపు తిరిగింది. తనని నిద్రకి తీసుకెళ్ళేవాళ్ళు లేకపోయారని అంది. మనిషి పోయిన ఇంట్లో మిగిలినవాళ్ళని పుట్టింటివాళ్ళు వచ్చి పిలుచుకుపోయి, తమ ఇంట మూడు నిద్రలు చేయించి పంపడం ఆనవాయితీ. అది జరిగితే కానీ సొంత గూట్లో కన్ను మూతపడదని పిన్ని నమ్మకం. తన తల్లికీ అత్తకీ అలాగే జరిగిందట. అప్పుడు ఇళ్ళుండేవి.

పిన్నికి పుట్టింటివాళ్ళంటే నేనే. నేను పడుకునేది ఆమె మంచానికి బారెడు దూరంలో.

"నీకో వేరే గూడుంటే పోదుమే," అంది. నవ్విందో లేదో చీకట్లో తెలియలేదు.

ఇల్లున్నా ఎలా పోతాం? ఇక్కడ సొంత పరుపు మీద పడుకోకుండా ఒక్క రాత్రి తెగితే మెట్లన్నీ పోయి మొదటికి వస్తాం. పిన్ని, బాబాయి ముప్ఫై ఏళ్ళు ఒక్క రాత్రీ తెగకుండా పడుకున్నారు కాబట్టే గది జీవితాంతం వాళ్ళదైంది. ఒకరు పోయినా రెండో మనిషికి ఉంటుంది, ఆ మనిషి రోజూ ఆ పరుపు మీదే పడుకున్నంత కాలం.

గురువారం

పిన్ని ఉప్పెన వచ్చిన ఏడాది గురించి చెప్పింది. నాకప్పటికి పళ్ళు ఊడే వయసు. నీళ్ళు మూడో అంతస్తు దాకా వచ్చి మా గోడలు చెమ్మగిల్లితే, నాలుగో అంతస్తు వాళ్ళనందర్నీ పరుపులతో సహా టిఫిన్ హాల్లోకి దించారు. చాలా రోజులు అక్కడే. గది వదిలితే రాత్రులు తెగిపోతాయని జనం గోల పెడితే, అప్పటి పెద్ద మేనేజరు కుర్చీ ఎక్కి అందరికీ చెప్పాడట, "పరుపు ఎక్కడో అతిథి అక్కడ" అని. ఎవరికీ రాత్రి తెగలేదు. బాబాయి పగలంతా పేకాడాడు.

"ఆ మాట పట్టుకుని జన్మంతా నన్ను చంపేసేడు," అంది పిన్ని. "లేచి మొహం కడుక్కోవయ్యా అంటే, పరుపెక్కడో అతిథి అక్కడే నూకరత్నం అని మళ్ళీ ముసుగు తన్నేవోడు."

ఈసారి నిజంగానే నవ్వింది. తర్వాత ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. 

శుక్రవారం

నడవ మెట్టు ఇచ్చారు. పన్నెండో అంతస్తులో నాకొక గది, వెదురు బుట్టలో పళ్ళు, చీటీ మీద "మీ విధేయతకు" అని.

టిఫిన్ హాల్లో మా వరస ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు, కానీ మాటలు ఆపేశారు. వాళ్ళలో ఒకామె మాత్రం, నడవలోకి వెళ్ళాక దుమ్ము దులిపేవాళ్ళని మర్చిపోకు తల్లీ అంది. ఆ దుమ్ము దులిపేది నేనే. ఇంకొకామె మరీ మెల్లగా, ఎవరి మాటలు ఎవరికి మోస్తే వస్తుంది ఇంత యోగం అంది. నాకు వినపడాలనే అంది.

మైత్రేయ్ గారి దగ్గరికి వెళ్ళి నాకీ గది వద్దని చెప్పాను. వాక్యం పూర్తయ్యేసరికి చెవులు వేడెక్కాయి. ఆయన ఎంతో సానుభూతిగా విన్నారు.

"ఇంతవరకు ఎవరూ వద్దనలేదండీ. అందుకని వద్దనడానికి ఏర్పాటు చేయలేదు."

గది ఇచ్చాక అక్కడే పడుకోవాలి. నిన్ను వదిలి వెళ్ళనని పిన్నితో అన్నాను. ఒప్పుకోలేదు. నేనెలాగూ నిద్రపోను, ఒకళ్ళయినా పడుకోవాలి అని తలుపు దాకా తోసింది. పైన స్నానాల గది ఎలా ఉందో రేపు చెప్పమంది.

స్నానాల గది మా పాత గది కన్నా పెద్దది. పిన్నికి చెప్పను.

సోమవారం

మిద్దె మెట్టు. అన్నిటికన్నా పైది. నడవలో నేను మూడు రాత్రులు కూడా సరిగ్గా నిద్రపోలేదు, అప్పుడే ఇరవై ఒకటో అంతస్తు. మూడు గదులు, సముద్రం మీద వరండా. గోడ నాకు శుభోదయం చెప్పి, ఇవాళ ఏ పుస్తకం చదువుతారు అని అడిగింది. పని చేసే చోట నేను దొంగతనంగా చదివే పుస్తకం పేరు చెప్పి, అదేనా అని కూడా అడిగింది.

భయమేసింది. కాన్వెంటులో సిస్టర్ ఎప్పుడూ అనేది: అడగని మిఠాయి ఇచ్చినవాడి రెండో చేతిలో ఏముందో చూడాలి. ఇంతకాలం ఆ రెండో చెయ్యి ఎక్కడుందో తెలియలేదు. పదకొండింటికి తెలిసింది.

మైత్రేయ్ గారు వచ్చి సోఫా అంచున కూర్చున్నారు. పిన్ని గారి సంగతి తెలిసి చాలా బాధపడ్డారట. హోటల్ మన సంప్రదాయాల్ని గౌరవిస్తుందన్నారు. మిద్దె అతిథులకి తమ సొంతవాళ్ళని పిలుచుకునే హక్కు ఉంది కనుక, నేను పిన్నిని ఇక్కడికి పిలిచి మూడు నిద్రలు చేయించవచ్చన్నారు. వేరే ఇల్లు, పుట్టింటి మనిషి, అన్నీ అమరాయి. భోజనాలు హోటల్ తరఫున. కొత్త చీర కూడా పెడతారట.

ఎంత బాగా ఆలోచించారు అనిపించింది. ఆయన వెళ్ళిపోయాక గుర్తొచ్చింది. నిద్రల మాట పిన్ని అన్నది గదిలో, నాతో మాత్రమే. మరి నాకు లిఫ్టులో పేరొచ్చింది అంతకు రెండు రోజుల ముందు. అంటే పిన్నికి ఆ ఆలోచన వస్తుందని వాళ్ళకి మా కన్నా ముందే తెలుసు. బాబాయి పోగానే నన్ను మెట్లెక్కించడం మొదలుపెట్టారు. నిద్రకి పిలవాలంటే నాకు వేరే గది ఉండాలి. పిలిచే హక్కున్న గది మిద్దెలోనే ఉంది.

నా విధేయతతో దీనికేం సంబంధం లేదు. నేను పిన్ని కోసం వేసిన నిచ్చెనని.

ఎందుకు వేశారో మాత్రం తెలియలేదు.

మంగళవారం

పిన్నికి చెప్పాను. ఆమె మొహం విప్పారింది. ఎన్నాళ్ళయింది ఆ మొహం చూసి. "పుట్టింటికి పిలుస్తున్నావన్నమాట," అంది, చీర మడత సరిచేసుకుంటూ. కాస్త ఆగుదాం పిన్నీ అన్నాను. ఎందుకు అంది. ఊరికే అన్నాను. ఆమెకి కోపం వచ్చింది. మిద్దెక్కగానే పిన్ని బరువైపోయిందా అని అడిగింది. గది వింటోంది కాబట్టి నేను ఏమీ అనలేకపోయాను.

లాబీలో పెద్ద గాజు తలుపుల పక్కన ఒక వరస కుర్చీలుంటాయి. "వేచి ఉన్న అతిథులు" అని బోర్డు. అక్కడ కూర్చునేవాళ్ళు గది లేనివాళ్ళు. కూర్చోవచ్చు, హోటల్ సామాను మీద నడుం వాల్చకూడదు. వాళ్ళలో పైడిరాజు గారిని నాకు మొహం తెలుసు. ఒకప్పుడు మా అంతస్తే, బాబాయితో పేకాడేవాడు. భార్య పోయాక కొడుకు దగ్గరికి పైకి వెళ్ళాడని అందరూ చెప్పుకున్నారు. మరి కుర్చీలో ఎందుకున్నాడో ఎవరూ అడగలేదు. కొడుకు కోసం చూస్తున్నాడేమో అనుకుంటూ దాటిపోయేవాళ్ళం. నేనూ దాటిపోయేదాన్ని.

పైనుంచి తెచ్చిన ఫిల్టర్ కాఫీ ఆయనకిచ్చి, పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు ఆయన తాగడమే చూశాను. చివరికి ఆయనే అందుకున్నాడు.

"నువ్వు అప్పలకొండ పిల్లవి కదూ. అడగాలనుకున్నదేదో అడిగేయమ్మా. నాకు వేరే పనేటి లేదు."

అడిగాను. మీరేమీ అనుకోకండి మావయ్యా అని ముందు పెట్టుకుని.

ఆయన కథ చిన్నది. భార్య పెద్దకర్మ కాగానే కొడుక్కి ఉన్నట్టుండి మెట్లు పెరిగాయి. మిద్దె వచ్చింది. మూడు నిద్రలకి తండ్రిని పిలవమని ఒక మెత్తటి ఆఫీసరు చెప్పాడు. చేశారు. బాగా చూశారు, కొత్త పంచె పెట్టారు. మూడు నిద్రలయ్యాక కిందకి వస్తే తన తలుపు తనని గుర్తుపట్టలేదు. సొంత పరుపు మీద పడుకోలేదు కాబట్టి రాత్రి తెగింది. జీవితాంతపు గది హోటల్‌కి తిరిగిపోయింది. రాత్రి తెగినవాళ్ళు మొదటి మెట్టుకి, మొదలుపెట్టిన గదికే రావాలి. కానీ ఆ గది అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. కొడుకు మిద్దె కూడా ఆ నెల్లోనే దిగిపోయింది. ఇప్పుడు వాడుండేది ఒంటి మంచం గది.

జీవితాంతం ఉండేవాళ్ళని హోటల్ కదపడానికి లేదు, బయటికి పంపడానికి లేదు. వాళ్ళంతట వాళ్ళు లేచి వెళ్ళాలి.

మరి ఎవరికీ చెప్పలేదేం అన్నాను.

"గొణిగినోడికి ఈ కుర్చీ కూడా ఉండదమ్మా," అన్నాడు. కప్పు అడుగున మిగిలిన చుక్క కూడా తాగి, కప్పుని కండువాతో తుడిచి నాకిచ్చాడు.

బుధవారం

నేను అపార్థం చేసుకుంటున్నానేమో అని ఒక్కసారి చూసుకోవాలనిపించింది. మైత్రేయ్ గారి కౌంటరు దగ్గరికి వెళ్ళి, మూడు నిద్రలయ్యాక మా పిన్నిని ఆమె గది గుర్తుపడుతుందా అని అడిగాను.

"ఆవిడకి ఏ లోటూ రానివ్వమండీ."

గది గుర్తుపడుతుందా అని మళ్ళీ అడిగాను. జీవితంలో ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం అదే మొదలు.

"మీరు చాలా ఆలోచిస్తారు వారిజ గారూ," అన్నారు, నవ్వుతూ. "చీర రంగు చెబితే ఇవాళే తెప్పిస్తాను."

పిన్నిని టిఫిన్ హాలు వెనక గిన్నెలు కడిగే చోటికి తీసుకెళ్ళి, ఆ చప్పుళ్ళలో అంతా చెప్పాను.  చివరికి, "నిన్న నిన్ను ఓ మాటన్నాను, మనసులో పెట్టుకోకే," అంది. నిద్రలు లేకపోతే లేకపోయాయి, ఈ కళ్ళు ఇలాగే ఉంటాయి, గది మాత్రం వదలనంది. అందులో మీ బాబాయి ముప్ఫై ఏళ్ళ గురకుందే అంది.

ఆ మొహం చూస్తే మళ్ళీ వారం నాటి మొహమే. కళ్ళ కింద నల్లగా.  నిద్ర లేక మనిషి అరిగిపోతోంది. గది ఉంటే నిద్ర లేదు, నిద్ర చేస్తే గది లేదు.

లాంజిలో నీలం అట్టలు సర్దుతూ సాయంత్రం దాకా దీన్నే తిప్పి తిప్పి ఆలోచించాను. తర్వాత బాబాయి మాట గుర్తొచ్చి, చేతిలో పుస్తకం అక్కడే పెట్టేసి కిందికి వెళ్ళాను.

గురువారం

పైడిరాజు గారు ముందు ఒప్పుకోలేదు. కుర్చీలో ఉన్నోణ్ణి, నేను నిద్రకి పిలిచేదేటమ్మా, నవ్వుతారు అన్నాడు. పిన్ని మిమ్మల్ని అన్నయ్యా అనేది కదా అన్నాను. ఆయన కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. నాతో పాటు నాలుగో అంతస్తుకి వచ్చి, గది వింటుండగానే, గుమ్మం బయట నిలబడి పద్ధతిగా పిలిచాడు.

"చెల్లీ, మూడు నిద్రలకి మా ఇంటికి రామ్మా."

పిన్ని తల మీద కొంగు లాక్కుంది. వస్తాను అన్నయ్యా అంది.

అప్పుడు పరుపు ఎత్తాం. జంట పరుపు, నానిన దూదిలా బరువు. మొదటి మలుపు దగ్గరే మీద పడి, నేనూ పైడిరాజు గారూ గోడకీ పరుపుకీ మధ్య ఇరుక్కున్నాం. పిన్ని వెనకనుంచి, చచ్చి కూడా కదలనంటున్నాడు మీ బాబాయి అంది. లిఫ్టు పరుపుని ఎక్కించుకోనంది. మెట్లమీదుగా దించాం.

మధ్యాహ్నం భోజనాల వేళ. లాబీ నిండా జనం. మిద్దె వాళ్ళు, నడవ వాళ్ళు, మా వరస ఆడవాళ్ళు అందరూ చూస్తున్నారు. గోడవారగా నడవడం నేర్చుకున్నదాన్ని లాబీ నడిమధ్య పరుపుతో నిలబడ్డాను.  కుర్చీల వరస ముందు దాన్ని పరిచి, పిన్నిని కూర్చోబెట్టాం.

మైత్రేయ్ గారు వచ్చారు. మొదటిసారి ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. ఇక్కడ పడుకోవడానికి వీల్లేదండీ, పరుపు పైకి పంపిస్తాను, లేకపోతే రాత్రి తెగుతుంది, ఆవిడ బాగు కోరే చెబుతున్నాను అన్నారు.

కాన్వెంటులో పాఠం ఒప్పజెప్పేటప్పుడు వెనక బెంచీకి వినపడాలని సిస్టర్ నేర్పిన గొంతొకటి ఉంది. ఇన్నేళ్ళుగా దానితో పని పడలేదు. ఆ గొంతుతో చెప్పాను.

"ఉప్పెన వచ్చిన ఏడాది ఈ హోటల్ పెద్ద మేనేజరు అందరి ముందూ చెప్పిన మాట. పరుపు ఎక్కడో అతిథి అక్కడ. మా పిన్ని హోటల్ సామాను మీద పడుకోవట్లేదు. తన పరుపు మీద పడుకుంటోంది."

 నాకు ఏడుపొచ్చేలా ఉంది. అప్పుడు మొన్న దుమ్ము దులిపేవాళ్ళని మర్చిపోకని నన్ను వెక్కిరించిన ఆవిడే, స్తంభాల వైపు నుంచి, అవును నేనూ విన్నాను, మా నాయనమ్మ పరుపు కూడా అప్పుడు హాల్లోనే ఉంది అంది. ఇంకెవరో అవునన్నారు. మైత్రేయ్ గారు అందరి వైపూ నవ్వుతూ చూసి, పొద్దున పరుపే చెబుతుంది లెండి అని వెళ్ళిపోయారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పైడిరాజు గారు ఇంటి పెద్దలాగా హడావిడి చేశాడు. వేచి ఉన్నవాళ్ళకి ఇచ్చే ఉప్మా బండి దగ్గర తగాదా పెట్టుకుని రెండు పొట్లాలు ఎక్కువ తెచ్చాడు. నేను పరుపు పక్కన నేల మీద దుప్పటి వేసుకున్నాను. మిద్దెలో నా పరుపు ఖాళీగా ఉంటుంది. ఉండనీ.

శుక్రవారం

పిన్ని నిద్రపోయింది. గురక పెట్టింది. బాబాయి ఒక్కడే పెడతాడని ఇన్నాళ్ళూ అనుకున్నాం.

తెల్లారి టిఫిన్‌కి వెళ్ళేవాళ్ళంతా ఆగారు. మైత్రేయ్ గారు కూడా. పరుపు అంచు దీపం చాలాసేపు వెలగలేదు. పైడిరాజు గారు కుర్చీ చెయ్యిని పట్టుకుని చూస్తున్నాడు. పిన్ని మాత్రం ఇంకా లేవలేదు.

"నూకరత్నం గారూ, రాత్రి నమోదైంది," అంది పరుపు.

నేను లిఫ్టు ఎక్కితే అది "అతిథీ" అంది. రాత్రి తెగింది కదా. మొదటి మెట్టు, మొదలుపెట్టిన గది. నాలుగో అంతస్తు తలుపు తీసుకుంది. నా మడత మంచం అక్కడే ఉంది. కాసేపు దాని మీద కూర్చున్నాను.

ఆదివారం

మూడు నిద్రలయ్యాయి. పిన్ని ఇవాళ తలంటుకుని, పైడిరాజు గారి దగ్గర సెలవు తీసుకుంది. పెట్టడానికి చీర లేదని ఆయన బాధపడ్డాడు. ఆ కండువా కట్టుకు తిరగమంటావా అన్నయ్యా అంది పిన్ని. పరుపు మళ్ళీ పైకి మోయడానికి స్తంభాల వరస నుంచి నలుగురు వచ్చారు.

మేం ఎత్తబోతుంటే మైత్రేయ్ గారు వెదురు బుట్టతో వచ్చారు. పళ్ళు, చీటీ. మాకనుకున్నాను. ఆయన మమ్మల్ని దాటి పైడిరాజు గారి ముందు వంగారు. ఆయన ఓపికకి హోటల్ ఎంతో సంతోషించిందట. తొమ్మిదో అంతస్తులో గది సిద్ధంగా ఉందట, ఇవాళే రావచ్చట. మళ్ళీ కిందకి రావలసిన పని లేదట.

పైడిరాజు గారు బుట్ట అందుకున్నాడు. చీటీ చదవలేదు. ఏళ్ళ తరబడి కూర్చున్న కుర్చీల వరస వైపు చూశాడు. ఆయన లేస్తే రేపు ఇక్కడ నిద్రకి పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆయన మొహంలో నాకు కనపడింది, మైత్రేయ్ గారి మొహంలోనూ కనపడింది.

ఆయన పళ్ళు ఒక్కొక్కటే తీసి వరసంతా పంచాడు. నాకో జామపండు, పిన్నికో జామపండు ఇచ్చాడు. ఖాళీ బుట్ట వెనక్కి ఇస్తూ అడిగాడు.

"ఆ గదిలో పరుపుందా బాబూ?"

ఉందండి, కొత్తది అన్నారు మైత్రేయ్ గారు.

"అయితే దాన్ని కిందికి పంపించు," అన్నాడు పైడిరాజు గారు, కుర్చీలో వెనక్కి వాలి. "ఇక్కడ వేసుకుంటాను."